మెట్లా, లిఫ్టా? ఎంపిక ఎవరికి ఉంది?

పరిచయం

యాదగిరిగుట్ట పైకి మెట్లదారి ఉంది, ఘాట్ రోడ్డూ ఉంది. ఓపిక ఉన్నవారు మెట్లెక్కుతారు, లేనివారు బండిలో పోతారు. రెండు దారులూ ఉన్నాయి కాబట్టే అక్కడ ఎంపికకు అర్థం ఉంది. మనం రోజూ వెళ్ళే కార్యాలయాలు, ఆసుపత్రులు, కళాశాలల్లో ఈ ఎంపిక ఎలా చేసుకోవాలో, అది ఎవరికి లేదో ఈ భాగంలో తెలుసుకుంటారు.

1. మెట్లెక్కితే ఏం జరుగుతుంది?

మెట్లెక్కేటప్పుడు శరీర బరువును గురుత్వాకర్షణకు ఎదురుగా పైకి ఎత్తుతాం. 60 కిలోల వ్యక్తి 3 మీటర్ల ఎత్తున్న ఒక అంతస్తు ఎక్కితే జరిగే పని 60 × 9.8 × 3 = 1,764 జౌళ్ళు. ఇది అర కిలోకేలరీ కన్నా తక్కువ. అయితే కండరాలు ఖర్చుచేసే శక్తిలో సుమారు నాలుగో వంతో, ఐదో వంతో మాత్రమే పనిగా మారుతుంది. మిగిలినది వేడిగా పోతుంది. కాబట్టి అసలు ఖర్చు సుమారు 2 కిలోకేలరీలు. చక్కెర వేసిన ఒక కప్పు చాయ్ ఇచ్చే శక్తి ఇంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

అంటే నాలుగు మెట్లెక్కినంత మాత్రాన బరువు తగ్గరు. లాభం మరోచోట ఉంది. గుండె, ఊపిరితిత్తులకు పని దొరుకుతుంది. తొడ, పిక్క కండరాలు బలపడతాయి. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. అందులో కొంత మెట్ల మీదే పూర్తవుతుంది. దిగేటప్పుడు ఆయాసం తక్కువే కాని, మోకాళ్ళపై ఒత్తిడి ఎక్కువ.

2. మన జిల్లాల పరిస్థితి

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల్లో గ్రానైటు శిలల నుంచి ఫ్లోరైడ్ భూగర్భజలంలో కలుస్తుంది. తాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. ఏళ్ళ తరబడి మోతాదు మించిన నీరు తాగితే వెన్నెముక, కీళ్ళు బిగుసుకుపోతాయి. మోకాలు వంగనిదే మెట్టు ఎక్కలేం. కృష్ణా జలాలు కొత్త తరాన్ని కాపాడగలవు కాని, బిగుసుకున్న కీళ్ళను తిరిగి వంచలేవు.

పాలమూరు కూలీలు బతుకుదెరువు కోసం వలసపోయి ఎన్నో ఆనకట్టలు, భవనాలు కట్టారు. నెత్తిన ఇటుకలు మోసి అంతస్తులెక్కిన మనిషి, ముసలితనంలో పింఛను కోసం పై అంతస్తుకు రావలసి వస్తే, ‘మెట్లెక్కితే ఆరోగ్యం’ అనే సలహా ఆ మనిషికి పనికిరాదు.

3. ఎంపిక సూత్రాలు

ఆరోగ్యవంతులు ఒకటి, రెండు అంతస్తులకు మెట్లు వాడాలి. అప్పుడు లిఫ్టు అవసరమైనవారికి త్వరగా అందుతుంది. ఛాతీనొప్పి, అసాధారణమైన ఆయాసం వస్తే ఆగి, వైద్యుణ్ణి సంప్రదించాలి. అగ్నిప్రమాదంలో మామూలు లిఫ్టు ఎక్కకూడదు. కరెంటు పోయి మధ్యలో ఆగవచ్చు, పొగ చేరవచ్చు.

వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం ప్రజా భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలి. లిఫ్టు లేని పాత భవనంలోనైతే పింఛను, వైద్యం వంటి సేవలను కింది అంతస్తులోనే అందించడం తక్షణ మార్గం. మెట్లెక్కడం ఆరోగ్యవంతులకు మంచి అలవాటు. లిఫ్టు ఎక్కలేనివారి హక్కు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 50 కిలోల వ్యక్తి 9 మీటర్ల ఎత్తు ఎక్కితే జరిగే పని ఎంత?
2. మెట్లెక్కలేని విద్యార్థి మీ అధ్యయన కేంద్రంలో తరగతి గదికి ఎలా చేరగలరో పరిశీలించి, ఐదు వాక్యాల్లో రాయండి.