గరాటు, గొట్టము, గుండె: మన పాఠశాలలో వైద్య పరికరముల చేతిపని

గత సంవత్సరము తల్లిదండ్రుల సభలో ఒక పెద్దమనిషి లేచి నన్ను ఇట్లడిగిరి: "మాస్టారూ, మా వాణ్ణి పదో తరగతి గట్టెక్కించమని మీ దగ్గరికి పంపాం. వాడేమో గరాటు కావాలి, రబ్బరు గొట్టం కావాలి, బూర కావాలంటాడు. ఇదేం చదువండీ?" సభలో పలువురు నవ్విరి. నేనును నవ్వితిని. కాని ఆ ప్రశ్న నవ్వి విడువదగినది కాదని ఇంటికి చేరిన పిదప తోచినది. పిల్లల కాలమును, తమ కష్టార్జితమును మాకప్పగించిన తల్లిదండ్రులకు ఆ రెండును ఏమగుచున్నవో తెలిసికొను హక్కు కలదు. కావున ఈ వార్షిక సంచికలో నా సమాధానమును విన్నవించుచున్నాను.

మేము శనివారమునాడు చివరి రెండు పీరియడ్లలో తొమ్మిదవ తరగతి వారికి నేర్పుచున్న విషయమును బయోమెడికల్ ఇంజనీరింగు అందురు. జీవవైద్య సాంకేతిక శాస్త్రమని మనము చెప్పుకొనవచ్చును. పేరు పెద్దదే గాని విషయము మన ఇండ్లలోనిదే. జ్వరమును కొలుచు థర్మామీటరు, తాతగారి కంటి అద్దములు, మధుమేహము గలవారు వ్రేలిని గ్రుచ్చి నెత్తురులోని చక్కెరను చూచుకొను చిన్న యంత్రము, 2020, 2021 సంవత్సరములలో కోవిడు మహమ్మారి నాడు ఇరుగుపొరుగు ఇండ్ల మధ్య చేతులు మారిన ఆక్సీమీటరు, ఇవన్నియు ఈ శాస్త్రమునకు చెందినవే. వైద్యుడు రోగిని పరీక్షించును. ఆ పరీక్షకు కావలసిన పనిముట్టును ఇంజనీరు సమకూర్చును.

1816వ సంవత్సరమున పారిసు నగరములో లెనెక్ అను వైద్యుడు ఒక యువతి గుండె చప్పుడు వినవలసి వచ్చినది. ఆమె ఎదపై చెవి నానించుటకు ఆయనకు సంకోచము కలిగెను. కాగితములను గొట్టముగా చుట్టి, ఒక కొన ఆమె ఎదపైనను, మరియొక కొన తన చెవివద్దను ఉంచి వినెను. చెవి నానించి విన్నదానికంటె చప్పుడు స్పష్టముగా వినబడెను. స్టెతస్కోపునకు మూలము ఆ కాగితపు చుట్టయే. మేమును అక్కడనే మొదలిడితిమి. బాలురు బాలురకు, బాలికలు బాలికలకు నోటుపుస్తకపు కాగితము చుట్టి గుండె చప్పుడు వినిరి. పిమ్మట గరాటు నోటికి బూర ముక్కను బిగించి కట్టి, దాని కాడకు రబ్బరు గొట్టమును తొడిగితిమి. ఎదపై ఆనిన బూర పొర కంపించును. ఆ కంపనము గొట్టములోని గాలి ద్వారా చెవికి చేరును. ధ్వని పాఠమంతయు ఈ రెండు వాక్యములలో నున్నది.

ఒక జట్టువారికి మాత్రము ఏమియు వినబడలేదు. "వీడికి గుండె లేదు సార్" అని ఒక కొంటె బాలుడు ప్రకటించెను. వెదకి చూడగా గొట్టము అతుకువద్ద గాలి పోవుచున్నది. సైకిలు ట్యూబు ముక్కతో బిగించి కట్టినంతనే చప్పుడు వినబడెను. మనిషిని శంకించుటకు ముందు పనిముట్టును పరీక్షింపవలెనని వారికి నేను వేరుగా చెప్పవలసిన పని లేకపోయినది.

తరువాత లెక్క. విశ్రాంతిగా నున్న పెద్దవారి గుండె నిమిషమునకు సుమారు 70 మారులు కొట్టుకొనును. ఒక్కొక్కమారు సుమారు 70 మిల్లీలీటర్ల నెత్తురును నెట్టును. అనగా నిమిషమునకు దాదాపు 5 లీటర్లు, దినమునకు దాదాపు 7,000 లీటర్లు. పది లీటర్ల బొక్కెనతో నూతినుండి 700 మారులు తోడినట్లు! నీరు తోడిన చేతులు గల పిల్లలకు ఈ పోలిక వెంటనే బోధపడెను.

రక్తపోటు పాఠమునకు గోడపై ఒక పొడవైన సన్నని పారదర్శక గొట్టమును వంచి బిగించి, అందులో రంగు నీరు పోసితిమి. ఒక కొనవద్ద సిరంజితో గాలిని నొక్కగా నీరు పైకి లేచును. ఇటలీ దేశీయుడగు రివా రొచ్చి 1896లో చేతికి కట్టు పట్టీతో రక్తపోటు కొలుచు సాధనమును రూపొందించెను. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోఫ్, పట్టీ క్రింద స్టెతస్కోపు నుంచి పై అంకెను, క్రింది అంకెను వినిపట్టు పద్ధతిని తెలిపెను. 120 అనగా 120 మిల్లీమీటర్ల పాదరసమును ఎత్తగల పీడనము. పాదరసము నీటికంటె 13.6 రెట్లు బరువు. కావున అంతే పీడనము నీటిని 163 సెంటీమీటర్ల ఎత్తునకు లేపును. ఆ గుర్తు చాలమంది పిల్లల తలలకంటె పైన నున్నది. పాదరసమునే ఏల వాడిరో గోడయే చెప్పినది.

ఇందులో తల్లిదండ్రులకును పనికివచ్చు విషయము కలదు. చేయి గుండె మట్టమునకు 10 సెంటీమీటర్లు దిగువగా వ్రేలాడినచో అంకె 7 లేక 8 ఎక్కువ చూపును. లావుపాటి చేతికి ఇరుకు పట్టీ కట్టినను ఎక్కువ చూపును. అయిదు నిమిషములు కూర్చుండి, మాటలాడక, చేతిని గుండె మట్టమున బల్లపై ఆనించి కొలిపించుకొనవలెను. తప్పు అంకెకు మందు మ్రింగుట, నిజమైన అంకెను లెక్కచేయకుండుట, రెండును ప్రమాదమే.

ఇక నేను మరువలేని దినమును గూర్చి చెప్పెదను. అయిదు లీటర్ల డబ్బాపై లీటరు గుర్తులు గీసి, నీటితో నింపి, తొట్టిలో బోర్లించి, దానిలోనికి గొట్టము నుంచితిమి. నిండుగా గాలి పీల్చి గొట్టములోనికి ఊదినచో, దిగిన నీటి కొలతయే ఊపిరి కొలత. 1846లో హచిన్సన్ అను ఆంగ్ల వైద్యుడు ప్రకటించిన సాధనమునకు ఇది పేద చుట్టము. ఎవరి నోటి గొట్టము వారిదే. పిల్లలు రెండున్నర మొదలు మూడున్నర లీటర్ల వరకు ఊదిరి. ఒక బాలుడు మరుసటి వారము తన తాతగారిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆయన చిరకాలము రాతి పని చేసినవారు. ఊదిరి. నీరు ఒకటిన్నర లీటరు గుర్తువద్ద నిలిచినది. బాలుడు అంకె వ్రాయలేదు. "తాతకు ఇంకో అవకాశం ఇవ్వండి సార్" అనెను. మూడుమారులు ఊదినను అంకె మారలేదు. తరగతి నిశ్శబ్దమయ్యెను. తాతగారే నవ్వి, "రాసుకోరా అబ్బాయ్, రాళ్లు కొట్టినోడి ఊపిరి అంతే మరి" అనిరి. బాలుడు వ్రాసెను.

మా డబ్బా వైద్యుడు కాదని, వయస్సు వలనను ఊపిరి తగ్గునని నేను చెప్పితిని. అయినను చూచినదానిని విడువక, ఊపిరితిత్తుల వైద్యునికి చూపుకొనుమని ఆయనను పంపితిమి. రాతి ధూళి సంవత్సరముల తరబడి లోనికి పోయినచో ఊపిరితిత్తులు గట్టిపడును. అట్లు గట్టిపడినవి మరల మెత్తబడవు. రాతిని తడిపి కోయుట, తగిన ముసుగు ధరించుట, ముందుగా పరీక్ష చేయించుకొనుట, ఇవే రక్షణ. ఈ మాట పాఠ్యపుస్తకములో చదివిన పిల్లవాడు పరీక్షలో వ్రాయును. తాత ఊపిరిని కొలిచిన పిల్లవాడు ఇంటిలో చెప్పును.

ఇట్టి పనికి పెద్ద నగరము, గొప్ప చదువు తప్పనిసరి కాదు. 1968లో జైపూరు పాదమును రూపొందించినవారిలో డాక్టరు ప్రమోద్ కరణ్ సేథీ శస్త్రవైద్యులు. రామచంద్ర శర్మ చేతిపనివారు. చెప్పులు లేక నడుచుటకు, నేలపై కూర్చుండుటకు, పొలములో దిగుటకు వీలైన రబ్బరు పాదము మన దేశస్థుల జీవనమును చూచి పుట్టినది. హైదరాబాదున అబ్దుల్ కలాముగారు క్షిపణులకై వాడు తేలిక పదార్థముతో, పోలియో సోకిన పిల్లలు కాళ్లకు తొడుగుకొను మూడు కిలోల ఊతములకు బదులు 300 గ్రాముల ఊతములు చేయించిరి. నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలోని పిల్లలు వానిని ధరించి పరుగెత్తుట చూచి కలిగిన ఆనందమును ఆయన పలుమారులు చెప్పుకొనిరి. 2018 డిసెంబరులో విశాఖపట్టణమున వైద్య పరికరముల తయారీకే ప్రత్యేకించిన ఆవరణము ప్రారంభమైనది. ఇచ్చట మన పిల్లలకును చోటున్నది. అందరును ఇంజనీర్లు కానక్కరలేదు. ఆసుపత్రి యంత్రములను బాగుచేయు నేర్పరులకును పని కలదు.

కేంద్ర ప్రభుత్వము 2016 నుండి ఆరు మొదలు పన్నెండవ తరగతి వరకు గల విద్యార్థుల చేతిపనికై అటల్ టింకరింగు ప్రయోగశాలల పథకమును నడుపుచున్నది. అట్టి ప్రయోగశాల మనకు ఇంకను లేదు. అది వచ్చువరకు గరాటును దాచిపెట్టనక్కరలేదని నా అభిప్రాయము.

తెలుగులో ఏల నేర్పుచున్నారని కొందరడుగుదురు. 1956 నవంబరు 1వ తేదీన రాయచూరు జిల్లాతో పాటు మన లింగసుగూరు హైదరాబాదు రాష్ట్రమునుండి నాటి మైసూరు రాష్ట్రములో చేరినది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యము కల్పింపవలెనను 350-ఎ అధికరణము రాజ్యాంగములో చేరినదియు ఆ సంవత్సరమే. ఆ దశలో పడిన పునాదిని మేము ఉన్నత పాఠశాలలో వదలుకొనలేదు. అట్లని గోడలు కట్టుకొనలేదు. పిల్లల పుస్తకములో తెలుగు, కన్నడము, ఇంగ్లీషు అని మూడు గడులు కలవు. మన ఊపిరి కన్నడమున ఉసిరు. మన నెత్తురు వారి నెత్తరు. మన గుండె వారి గుండిగె. ఆశా కార్యకర్త వచ్చి కన్నడములో మాటలాడినప్పుడు పిల్లలు ఆ మూడు గడులను తామే నింపుకొనిరి. ఇంటి మాటలో అర్థమైన సంగతి మరియొక భాషలోనికి సులభముగా నడచిపోవును.

పరీక్షలకు నష్టమా? పీడనము, ధ్వని, రక్తప్రసరణము, శ్వాసక్రియ, ఇవన్నియు పరీక్ష పాఠములే. అయినను మార్కులు తప్పక పెరుగునని నేను వాగ్దానము చేయను. ఒక హెచ్చరిక మాత్రము చేయుదును. మా పిల్లలు చేసిన పరికరములు నేర్చుకొనుటకే గాని రోగనిర్ణయమునకు కావు. వానిని చూచి మందు మానుటగాని, మ్రింగుటగాని కూడదు.

చివరగా, మొదట ప్రశ్న వేసిన పెద్దమనిషి సంగతి. ఆయన మోటారు పంపులు బాగుచేయువారు. ఒక శనివారము పిల్లవానిని తీసికొనిపోవుటకు వచ్చి, నేను గుండె కవాటములను గూర్చి బల్లపై బొమ్మ గీచి తంటాలు పడుచుండగా తలుపువద్ద నిలిచి చూచిరి. "మాస్టారూ, ఇది మా ఫుట్‌వాల్వు కాదటండీ?" అనిరి. నేను సుద్దముక్కను ఆయన చేతికిచ్చితిని. నీరు పైకి పోవునే గాని వెనుకకు రాకుండ ఆ మూత ఎట్లాపునో, అది అరిగినచో మోటారు ఎట్లు తిరిగియు నీరు రాదో ఆయన నాకంటె చక్కగా చెప్పిరి. గుండెలో అట్టి మూతలు నాలుగు కలవనియు, లబ్ డబ్ అను చప్పుడు అవి మూసికొనునప్పటిదనియు నేను చేర్చితిని. తిరువనంతపురమున శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టరు వలియత్తాన్ బృందము కృత్రిమ కవాటమును చేయబూని, మూడు నమూనాలు విఫలమైన పిమ్మట నాలుగవదానిని సాధించి, 1990 డిసెంబరులో మొదటి రోగికి అమర్చిరని కూడ చెప్పితిని. "మూడు పోయాక నాలుగోదా! మా పని లాంటిదేనన్న మాట" అని ఆయన తలయూపిరి.

తమ ఇండ్లలో పాతబడిన రక్తపోటు సాధనములు, గొట్టములు, పంపులు ఉన్నచో పారవేయక మాకు పంపుడు. తమలో కుట్టుపని, వడ్రంగము, విద్యుత్తు పని తెలిసినవారు ఒక శనివారము దయచేయుడు. సుద్దముక్క సిద్ధముగా నుండును.