కుట్టని దోమలలో కొత్త జాతిని వర్ణించే విధానం - వరి శాస్త్రజ్ఞులకు దాని ప్రయోజనం

దమ్ము చేసి నీరు నిలిపిన వరి మడిలో అడుగు బురదను గుప్పెడు తీసి తెల్లని పళ్ళెంలో కడిగితే, మెలికలు తిరుగుతూ ఈదే సన్నని ఎర్రటి పిల్ల పురుగులు తరచుగా కనిపిస్తాయి. ఇవి కైరోనోమిడే కుటుంబానికి చెందిన కుట్టని దోమల పిల్ల పురుగులు. ఇంగ్లీషులో ఈ కుటుంబానికీ, వరిని ఆశించే ఉల్లికోడుకూ 'మిడ్జ్' అనే పేరే వాడుకలో ఉన్నందున విద్యార్థులు ఈ రెండింటినీ ఒకటిగా పొరబడే అవకాశం ఉంది. ఉల్లికోడు సెసిడోమైడే కుటుంబానికి చెందినది. దాని పిల్ల పురుగు పిలక అంకురంలో చేరి ఆకును ఉల్లికాడ వంటి గొట్టంగా మారుస్తుంది. కుట్టని దోమల పిల్ల పురుగులు ఎక్కువగా నీటిలో, బురదలో నివసిస్తూ కుళ్ళిన సేంద్రియ పదార్థాన్ని, నాచును తింటాయి.

గుర్తింపు లక్షణాలు

తల్లి పురుగు చూపునకు దోమను పోలి ఉన్నా, దానికి రక్తం పీల్చే పొడవైన తొండం ఉండదు. రెక్కల ఈనెలపై దోమకు ఉండే పొలుసులు ఉండవు. వాలినప్పుడు ఇది సాధారణంగా ముందు కాళ్ళను పైకెత్తి ఉంచుతుంది. దోమ వెనుక కాళ్ళను ఎత్తుతుంది. మగవాటి స్పర్శశృంగాలు కుంచెలాగా గుబురుగా ఉంటాయి. పిల్ల పురుగుకు స్పష్టమైన తల, శరీరపు ముందు భాగంలో ఒక జత, చివర ఒక జత మిథ్యాపాదాలు ఉంటాయి. అనేక జాతులలో కనిపించే ఎరుపు రంగుకు కారణం హిమోగ్లోబిన్. ప్రాణవాయువు తక్కువగా ఉండే బురదలో ఇవి బతకడానికి అది తోడ్పడుతుంది. అయితే అన్ని జాతులూ ఎర్రగా ఉండవు. కనుక రంగును బట్టి జాతిని నిర్ణయించరాదు.

జాతి నిర్ధారణ ఎందుకు అవసరం

ఈ కుటుంబంలో ఇంతవరకు 6,000కు పైగా జాతులు వర్ణింపబడినవి. ఒకే మడిలో పక్కపక్కన నివసించే రెండు జాతుల స్వభావం పూర్తిగా వేరుగా ఉండవచ్చు. ఆస్ట్రేలియాలో నీటిలో విత్తనం వెదజల్లే వరి పొలాలలో కైరోనోమస్ టెప్పెరి అనే జాతి మొలకెత్తుతున్న విత్తనపు వేళ్ళను తిని మొక్కల సాంద్రతను తగ్గిస్తుంది. దీనికి భిన్నంగా, ఇండోనేషియాలోని జావా వరి పొలాలపై 1996లో ప్రచురితమైన పరిశోధన, సేంద్రియ పదార్థాన్ని తినే ఇటువంటి కీటకాలు పైరు తొలి దశలో సాలీళ్ళకు, ఇతర పరభక్షక కీటకాలకు ఆహారమవుతాయని చూపింది. చీడపురుగులు రాకముందే మిత్ర పురుగుల సంఖ్య పెరగడానికి ఇదే ఆధారం. ఆ దశలో అనవసరంగా పురుగుమందు చల్లితే ఈ ఆధారం తెగిపోతుంది. ఒక దేశంలో చీడగా తేలిన జాతి పేరును మన మడిలోని ఎర్ర పురుగుకు తగిలించడం వల్ల నష్టపోయేది రైతే.

వర్ణన క్రమం

మొదటి మెట్టు పెంపకం. పిల్ల పురుగులను ఒక్కొక్కటిగా చిన్న సీసాలలో వేసి తల్లి పురుగు వెలువడే వరకు పెంచాలి. పిల్ల పురుగు విడిచిన చర్మం, కోశస్థ దశ విడిచిన చర్మం, తల్లి పురుగు - ఈ మూడింటినీ ఒకే సంఖ్యతో భద్రపరచాలి. లేకపోతే ఏ పిల్ల పురుగు ఏ దోమదో చెప్పలేము. డిఎన్‌ఏ పరీక్షకు ఉద్దేశించిన నమూనాలను 95 శాతం ఇథనాల్‌లో ఉంచడం మంచిది.

రెండవది స్లయిడ్ల తయారీ. తల, రెక్కలు, కాళ్ళు, ఉదరాన్ని వేరు చేసి, కండరాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్‌తో తొలగించి, యూపరాల్ లేదా కెనడా బాల్సంలో అమర్చుతారు. మగ దోమ ఉదరం చివర ఉండే జననాంగ నిర్మాణమే జాతి నిర్ధారణకు ప్రధాన ఆధారం. పిల్ల పురుగులో నోటి క్రింది పళ్ళ ఫలకం, దవడలు, స్పర్శశృంగాలను పరిశీలిస్తారు. స్పర్శశృంగపు చివరి ఖండం పొడవును దాని ముందున్న ఖండాల మొత్తం పొడవుతోను, ముందు కాలి పాదపు మొదటి ఖండాన్ని జంఘతోను పోల్చిన నిష్పత్తులను నమోదు చేస్తారు. ఒక్క నమూనా కొలతలు సరిపోవు. జాతిలోని సహజ వైవిధ్యం తెలియాలంటే అనేక నమూనాలను కొలవాలి.

మూడవది పోలిక. ఆ ప్రజాతిలో ఇదివరకు ప్రచురితమైన వర్ణనలతోను, సాధ్యమైన చోట అసలు నమూనాలతోను పోల్చి, భేదాలను మాటలలో స్పష్టంగా వ్రాయాలి. మైటోకాండ్రియాలోని సిఓఐ జన్యువులో సుమారు 658 క్షారాల భాగం చూపునకు ఒకేలా ఉన్న జాతులను విడదీయడానికి ఉపకరిస్తుంది. అయితే డిఎన్‌ఏ భేదం రూప లక్షణాల పరిశీలనకు తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కాదు.

నాలుగవది నామకరణం. అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి ప్రకారం, 1999 తరువాత ప్రచురించే కొత్త జాతికి ప్రామాణిక నమూనాను స్పష్టంగా నిర్దేశించి, దానిని భద్రపరిచే సంస్థను పేర్కొనాలి. మన దేశంలో 2002 నాటి జీవవైవిధ్య చట్టం కొత్తగా కనుగొన్న జీవి గురించి నిర్దేశిత భాండాగారానికి తెలియజేసి, నమూనాలను అక్కడ అప్పగించాలని విధిస్తున్నది.

ఒక ఉదాహరణ

ఆఫ్రికాలో రాతి గుంటల నీటిలో పెరిగే పాలీపెడిలమ్ వాండర్‌ప్లాంకి జాతిని హింటన్ 1951లో వర్ణించారు. గుంట ఎండినప్పుడు దీని పిల్ల పురుగు కూడా దాదాపు పూర్తిగా ఎండిపోయి, ట్రెహలోజ్ అనే చక్కెరను శరీరంలో కూడబెట్టుకుని, వాన పడగానే తిరిగి చైతన్యం పొందుతుంది. ఎండిన స్థితిలో ఇది కొద్దిసేపు 102 డిగ్రీల సెల్సియస్ వేడిని కూడా తట్టుకోగలదని 1960లో ఆయన ప్రకటించారు. 2017లో మలావీ రాతి గుంటల నుండి ఇదే శక్తి గల దగ్గరి బంధువును పాలీపెడిలమ్ పెంబై అనే కొత్త జాతిగా వర్ణించారు. వేరు జాతి అని తేలినందువల్లనే రెండింటి జన్యువులను పోల్చి, ఎండను తట్టుకునే శక్తి ఎలా ఏర్పడిందో వెదకడానికి మార్గం కలిగింది. దానిని పాత జాతి క్రిందనే లెక్కించి ఉంటే ఈ పోలికకు తావే లేదు.

విస్తరణ శాస్త్రజ్ఞులకు సూచనలు

డ్రమ్ సీడర్‌తో గాని, వెదజల్లి గాని విత్తిన మడిలో మొలక తగ్గిందని రైతు ఎర్ర పురుగులను చూపితే, ముందుగా విత్తన నాణ్యతను, నీటి లోతును, మురుగు పోయే వీలును పరిశీలించాలి. తరువాత వేళ్ళపై కొరికిన గుర్తులు ఉన్నవో లేవో చూడాలి. పురుగు ఉన్నంత మాత్రాన నష్టానికి అదే కారణమని భావించరాదు. నమూనాలను సేకరించిన తేదీ, గ్రామం, మడి స్థితి, పైరు వయస్సు వ్రాసిన చీటీతో సహా కీటకశాస్త్ర విభాగానికి పంపాలి. చీటీ లేని నమూనా ఎంత అరుదైనదైనా శాస్త్రానికి అంతగా ఉపయోగపడదు. స్నాతకోత్తర విద్యార్థులు ఒక్క మండలంలోని వరి మడులను ఒక పంటకాలం పాటు వారానికొకసారి పరిశీలించి, పెంచి, నమూనాలను భద్రపరిస్తే, మన నేలలోని ఈ జీవుల పట్టిక తయారీకి అది గట్టి పునాది కాగలదు. మందు సిఫారసు చేసే ముందు పురుగు పేరు తెలియడం న్యాయం.