ఊరు నగరంలో కలిసింది, లావణి పట్టా ఏమైనట్టు?

సికింద్రాబాద్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే బొల్లారం, గుండ్లపోచంపల్లి దాటాక వచ్చే స్టేషన్ గౌడవెల్లి. తర్వాతది మేడ్చల్. 2023 ఏప్రిల్ 8న ఈ దారిలో ఎంఎంటీఎస్ రైళ్లు మొదలయ్యాయి. ఒక పక్క 44వ నంబరు జాతీయ రహదారి, మరో పక్క శామీర్‌పేట, దగ్గర్లోనే 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు. భూములపై పరిశోధన చేస్తూ మేము ఈ స్టేషన్లో చాలాసార్లు దిగాం. ఒకసారి చూసిన చేను ఇంకోసారి వెళ్లేసరికి హద్దురాళ్లు పాతిన వెంచర్ అయి ఉంటుంది.

ఒకరోజు వాడలో ఒక పెద్దమ్మ మమ్మల్ని ఆపింది. "ఏం బిడ్డా, ప్లాట్లు సూడనీకి వచ్చిన్రా?" అంది. కాదన్నాం. "మా మామకు సర్కారిచ్చిన జాగ కాయితం ఉంది. ఊరే పట్నంల కలిసినంక అది చెల్లుతదా?" అని అడిగింది. ఇలాంటి కాగితం పెట్టెలో దాచుకున్న దళిత కుటుంబాలు నగరం చుట్టూ చాలా ఉన్నాయి. అందుకే ఆ ప్రశ్నకు జవాబు ఇక్కడ రాస్తున్నాం.

2024 సెప్టెంబరులో గౌడవెల్లి పంచాయతీని గుండ్లపోచంపల్లి మున్సిపాలిటీలో కలిపారు. 2025 డిసెంబరులో ఆ మున్సిపాలిటీతో పాటు మొత్తం 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్‌ఎంసీలో కలిపారు. అంటే 15 నెలల్లో పల్లె మహానగరంలో భాగమైంది. భూమి ఉన్నవాళ్లకు దీనివల్ల ధర పెరిగింది. కూలి మీద బతికేవాళ్లకు పోయినవే ఎక్కువ.

మొదట పోయింది ఉపాధి హామీ పని. 2005లో వచ్చిన ఆ చట్టం గ్రామీణ ప్రాంతాలకే వర్తించేది. రెండోది గ్రామసభ. ఎస్సీ రిజర్వేషన్ వస్తే వాడ మనిషి సర్పంచ్ అయ్యే వీలు కూడా దాంతోనే పోయింది. నగరంలోనూ ఎస్సీలకు సీట్లు రిజర్వు చేస్తారు. కానీ కార్పొరేషన్ వార్డు ఎన్నో ఊళ్లంత పెద్దది.

మూడోది చాలామందికి తెలియదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం గ్రామాల్లో మార్కెట్ విలువను 1 నుంచి 2 రెట్ల వరకు పెంచి పరిహారం లెక్కిస్తారు. పట్టణాల్లో ఆ పెంపు లేదు. దాని మీద నూటికి నూరు శాతం సొలేషియం కలుపుతారు. విలువ 20 లక్షలు అనుకుందాం. గ్రామంలో రెండు రెట్ల లెక్కన 80 లక్షల దాకా రావచ్చు. అదే భూమి పట్టణంలో ఉంటే 40 లక్షలే.

ఇక పెద్దమ్మ అడిగిన కాగితం సంగతి. సర్కారు భూమిలేని పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమికి మన దగ్గర వాడుక పేరు లావణి పట్టా. ఊరు నగరంలో కలిసినంత మాత్రాన అది రద్దు కాదు. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం ఆ భూమిని అమ్మడం, కొనడం చెల్లదు. వారసులు అనుభవించవచ్చు. ఎవరైనా కొనుక్కుని ఉంటే అధికారులు వారిని ఖాళీ చేయించి, అసలు పట్టాదారుకు గానీ వారసులకు గానీ తిరిగి ఇవ్వవచ్చు. అయితే ఈ అవకాశం ఒక్కసారే. తిరిగి వచ్చిన భూమిని మళ్లీ అమ్మితే సర్కారు తీసుకుని వేరే పేదలకు ఇస్తుంది.

"ఇది సర్కారు భూమి, రేపు రోడ్డుకు పోతే మీకు పైసా రాదు, ఇచ్చినంత తీసుకోండి" అని దళారులు చెప్తుంటారు. అది నిజం కాదు. చేవెళ్ల డివిజన్ భూములకు సంబంధించిన మేకల పాండు కేసులో 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం దీన్ని తేల్చింది. అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పింది. ఎస్సీలకు కేటాయించిన భూమిని అక్రమంగా ఆక్రమించడం, వాళ్లను అందులోంచి వెళ్లగొట్టడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3వ సెక్షన్ కింద నేరం కూడా.

కాబట్టి ఇంట్లో పట్టా కాగితం ఉంటే నాలుగు నకళ్లు తీసి పెట్టుకోవాలి. తహసీల్దార్ ఆఫీసులో పాత పహాణీల నకలు కోసం, దొరక్కపోతే సమాచార హక్కు చట్టం కింద, రాతపూర్వకంగా అడగాలి. ఖాళీ కాగితం మీద, చదవని కాగితం మీద వేలిముద్ర వేయొద్దు. వారసుల పేర్లు రికార్డులో ఎక్కాయో లేదో చూసుకోవాలి.

ఇదంతా పెద్దమ్మకు చెప్పాం. ఆమె లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కవరులో చుట్టిన కాగితం తెచ్చి, సర్వే నంబరు చదివి వినిపించమంది. చదివాం. "గదే. మా మామ గదే చెప్పేటోడు" అంది.

ఊళ్లను కలిపేటప్పుడు ఎవరికి ఎంత పన్ను పడుతుందో సర్కారు లెక్క తీస్తుంది. అదే రోజు ఆ ఊరి అసైన్డ్ భూముల జాబితాను, సర్వే నంబర్లతో, పట్టాదారుల పేర్లతో, వార్డు ఆఫీసు గోడ మీద అంటించాలి. మేము అడుగుతున్నది అదే.