ఇఫ్తార్ అయిన రెండు గంటలకు...

మగ్రిబ్ అజాన్ వినపడగానే ఖర్జూరంతో ఉపవాసం విరమిస్తాం. ఆ వెంటనే షర్బత్, పండ్లు, సమోసాలు, హలీం దస్తర్‌ఖాన్ మీదికి వస్తాయి. పగలంతా ఖాళీగా ఉన్న కడుపుకు ఇవన్నీ ఒక్కసారిగా అందితే, మధుమేహం ఉన్నవారి రక్తంలో చక్కెర ఎంత పెరుగుతుందో మనలో ఎందరం చూసుకుంటున్నాం?

మా ఇంటి సంగతే చెబుతాం. అబ్బాజాన్‌కు ఎన్నో ఏళ్లుగా షుగర్. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంది. అయినా రంజాన్ వచ్చిందంటే అది బీరువాలోకి చేరేది. పగలు పరీక్షిద్దామంటే "సూది పొడిస్తే రోజా పోతుంది" అనేవారు. రాత్రి అడిగితే "తరావీహ్‌కు వేళవుతోంది, రేపు చూద్దాం లే" అనేవారు. సహరీకి ముందు ఒకసారి చూస్తే 118 వచ్చిందని ఆయన ధీమా. చివరికి మసీదు ఇమాం సాహెబ్ నచ్చజెప్పాక, ఒక రాత్రి ఇఫ్తార్ అయిన రెండు గంటలకు చెయ్యి చాపారు. మీటరు 294 చూపించింది!

పరగడుపున చక్కెర అదుపులో ఉన్నంత మాత్రాన తిన్నాక కూడా అలాగే ఉంటుందనుకోరాదు. 2001లో 13 దేశాల్లో 12,243 మంది మధుమేహ రోగులను పరిశీలించిన 'ఎపిడియార్' అధ్యయనంలో, చక్కెర బాగా పెరిగి ఆసుపత్రి పాలైన టైప్ 2 రోగుల సంఖ్య రంజాన్‌లో సుమారు ఐదు రెట్లయింది. చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం కూడా ఎన్నో రెట్లు పెరిగింది.

పరీక్ష కష్టమేమీ కాదు. మొదటి ముద్ద తిన్నప్పటి నుంచి రెండు గంటలు లెక్కించాలి. ముందుగా సబ్బుతో చేతులు కడుక్కుని బాగా తుడుచుకోవాలి. ఖర్జూరం జిగురు వేలికి అంటి ఉంటే మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. వేలి కొస మధ్యలో కాక పక్కగా పొడిస్తే నొప్పి తక్కువ. ఒకరు వాడిన సూది మరొకరు వాడకూడదు. వచ్చిన అంకెతోపాటు ఏం తిన్నారో కూడా పుస్తకంలో రాయాలి.

చాలామంది పెద్దలకు ఆ అంకె 180 లోపు ఉండాలి. గర్భిణులకు అంతకన్నా తక్కువ ఉండాలి. వృద్ధులకు ఎంత ఉండాలో డాక్టరే చెప్పాలి. అంకె ఎక్కువ వచ్చిందని మాత్రల, ఇన్సులిన్ మోతాదు సొంతంగా మార్చవద్దు. ఆ పుస్తకం డాక్టరుకు చూపండి.

పగలు పరీక్షకు కూడా సంకోచం వద్దు. వేలి నుంచి చుక్క రక్తం తీస్తే ఉపవాసం భంగం కాదని ధర్మవేత్తలు చెబుతున్నారు. చక్కెర 70 కన్నా తగ్గినా, 300 దాటినా వెంటనే ఉపవాసం విరమించాలి. చెమటలు, వణుకు, తల తిరగడం ఉన్నా అంతే. మగ్రిబ్‌కు పది నిమిషాలే ఉందని ఆగరాదు. రోగులకు దివ్యఖురాన్ (2:185) సడలింపు ఇచ్చింది. ఆ సడలింపును వాడుకోవడం తప్పెలా అవుతుంది? ఈ శరీరం కూడా అల్లాహ్ మనకు అప్పగించిన అమానతే కదా!

అబ్బాజాన్ షర్బత్ మానేశారు. అన్నం తగ్గించి, కూర, పప్పు ముందు తినసాగారు. వారం తర్వాత అదే వేళకు మీటరు 172 చూపించింది. ఈద్ నాడు షీర్‌ఖుర్మా చిన్న గిన్నెడే తీసుకున్నారు. రెండు గంటలయ్యాక, ఎవరూ అడగకుండానే మీటరు తెమ్మన్నారు.