ఆపరేషను పిదప మలబద్ధము, కడుపుబ్బరము

కడుపు కోసి చేయు ఆపరేషను జరిగిన యింట అందఱి కన్నును కుట్లమీదనే యుండును. గాయము మానినదా, చీము పట్టినదా, జ్వరము తగిలినదా యని యడుగువారే కాని, వాయువు వెడలినదా, విరేచనమైనదా యని యడుగువారు కానరారు. అడిగినను రోగి సిగ్గుపడి పెదవి విప్పదు. ఇట్లు నాలుగు దినములు గడచునప్పటికి కడుపు బిగిసి, ఆకలి చచ్చి, ముక్కినచో కుట్లు తెగిపోవునేమో యను భయము పట్టుకొనును. ఈ బాధలో పెద్దభాగము నివారింపదగినది. నివారించు భారము రోగిమీదకంటె ఆమెకు వండి వడ్డించువారిమీదనే యెక్కువగా నున్నదని మా యభిప్రాయము.

ఇది ఏ కొందఱికో సంబంధించిన విషయము కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున నూటికి 42 కాన్పులు ఆపరేషనుతో జరిగినవి. బిడ్డలు చాలునని ఆపరేషను చేయించుకొన్న వివాహితలు నూటికి సుమారు 70 మంది. 2015-16 సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి దాదాపు 9 మంది గర్భసంచి తీసివేయించుకొన్నవారే. కావున మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములందును ఈ చిక్కు నెఱుగని యిల్లు అరుదు.

కడుపు ఏల ఉబ్బును? శస్త్రము తగిలినంతనే ప్రేగులు తమ సహజమైన కదలిక నాపివేయును. చిన్నప్రేగు ఒకదినములోపల మేల్కొనును; జీర్ణకోశమునకు ఒకటి రెండు దినములు పట్టును; పెద్దప్రేగు రెండు మూడు దినములకు గాని తేఱుకొనదు. మత్తుమందును, నల్లమందు జాతికి చెందిన నొప్పిమందులును, ట్రమడాలు వంటివియు ఈ కదలికను మఱింత మందగింపజేయును. రక్తహీనతకై యిచ్చు ఇనుపమాత్రలు మలమును గట్టిపఱచును. చిన్న రంధ్రములద్వారా చేయు ఆపరేషనులలో కడుపులోనికి బొగ్గుపులుసు వాయువును నింపుదురు. అందు మిగిలినదానివలన భుజములు కూడ నొప్పి పుట్టును. ఇది ఒకటి రెండు దినములలో తగ్గును గనుక గుండెనొప్పియని బెదరనక్కఱలేదు. ఆయాసము తోడైనచో మాత్రము వెంటనే వైద్యునికి చెప్పవలెను. వాయువు వెడలుట ప్రేగులు మేల్కొన్నవనుటకు శుభసూచకము. దానికి నవ్వరాదు, సిగ్గుపడరాదు.

ఇక మన యిండ్లలోని పథ్యమును విచారింతము. బాలెంతరాలికి నీరిచ్చిన ఒడలు నీరుపట్టునని, కుట్లు పచ్చిగా నుండునని దాహమునకు గ్రుక్కెడు నీరు మాత్రమే పోయు ఆచారము పెక్కుచోట్ల గలదు. ఈ సీమలో దీనికి మఱియొక కారణము తోడగుచున్నది. విజయనగర రాజుల కాలమున గుండ్లకమ్మకు కట్టవేసి కంభము చెఱువును నిర్మించినను, ఈ మెట్టప్రాంతమున నీటి కొఱత తీఱలేదు. అనేక గ్రామముల బోరునీటిలో ఫ్లోరైడు మితిమీఱి యుండుటచే త్రాగునీటిని డబ్బాలతో కొని తెచ్చుకొందురు. కొన్న నీరు గదా యని యింటి యాడువారు తమ వంతు తగ్గించుకొందురు. మాటిమాటికి లేవవలసి వచ్చునని రోగి తానే మానుకొనును. నీరు చాలనిచో పెద్దప్రేగు మలములోని తడిని పీల్చుకొని దానిని ఱాయి చేయును. వైద్యుడు నీరు త్రాగవచ్చునన్న గడియనుండి కొంచెము కొంచెముగా ప్రారంభించి, దినమునకు ఎనిమిది పది గ్లాసులవఱకు ఈయవలెను. పాలిచ్చు తల్లికి ఇది మఱింత యవసరము. గుండె, మూత్రపిండముల జబ్బు గలవారు మాత్రము వైద్యుడు చెప్పిన కొలతనే పాటింపవలెను. నీటిని కాచినంత మాత్రమున క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదని గుర్తుంచుకొనుడు.

పప్పు తిన్న చీము పట్టునను భయము వేఱొకటి. చీమునకు కారణము క్రిములే కాని కందిపప్పు కాదు. గాయము పూడుటకు మాంసకృత్తులు కావలయును. అవి పప్పులోను, పాలలోను, గ్రుడ్డులోను గలవు. వట్టి యన్నము, వెల్లుల్లికారము పెట్టి నెలదినములు గడుపుట మలబద్ధమును పిలిచి పీట వేయుటయే. మొదట పలుచని గంజి, పెసరకట్టు, మజ్జిగ. వాయువు వెడలి ఆకలి పుట్టిన పిదప మెత్తని యన్నము, బీరకాయ, సొరకాయ, తోటకూర. అటుపైన మాగిన అరటిపండు, బొప్పాయి, రాగిసంకటి, జొన్నరొట్టె. శనగలు, అలసందలు, సోడా కొన్నాళ్లు మానుట మంచిది. పీచుగల పదార్థములతోపాటు నీరు చాలినంత త్రాగనిచో మేలునకు మాఱు కీడే కలుగును.

మంచము దిగరాదను కట్టడియు సడలవలెను. డెన్మార్కు శస్త్రవైద్యుడు హెన్రిక్ కేలెట్ 1990 దశకమున, రోగిని త్వరగా తినిపించి త్వరగా నడిపించు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చెను. నేడది పెక్కుదేశముల ఆసుపత్రులలో నడచుచున్నది. వైద్యుడు లేవవచ్చునన్న నాటినుండి ఒకరి చేయూతతో అయిదేసి నిమిషములు, దినమునకు నాలుగైదుమాఱులు నడిపింపుడు. నడక వేఱు, పని వేఱు. నీళ్ల బిందె నెత్తుట, బియ్యపు మూట జరుపుట ఆఱువారములవఱకు కూడదు. అందువలన కుట్లచోట ప్రేగు పొడుచుకొని వచ్చు ప్రమాదము గలదు.

ఉదయము గోరువెచ్చని నీరు త్రాగి, తొందరలేక దొడ్డికి పోవలెను. కూర్చుండు మఱుగుదొడ్డి యైనచో పాదములక్రింద చిన్నపీట వేసికొనుడు. కుట్లపై మెత్తని దిండు నదుముకొనిన దగ్గునప్పుడును భయముండదు. గట్టిగా ముక్కరాదు. ఆముదము, సునాముఖి, ఎనీమా వైద్యుని యనుమతి లేక వాడరాదు. ప్రేగు అడ్డుపడియున్నప్పుడు అవి ప్రాణాపాయము తేగలవు. ఇసబ్గోలు సైతము సమృద్ధిగా నీటితోనే, వైద్యుని యడిగియే వాడవలెను. మలమును మెత్తపఱచు మందులు గలవు, అడుగుటకు వెనుదీయకుడు. ఇనుపమాత్రను మీయంతట మీరు మానక, మార్చుమని కోరుడు.

ఈ క్రింది గుర్తులు కనబడినచో గృహవైద్యము కట్టిపెట్టవలెను: ఆగని వాంతులు, ముఖ్యముగా ఆకుపచ్చనివి, కడుపు గంటగంటకు ఉబ్బి గట్టిపడుట, వాయువు గాని విరేచనము గాని బొత్తిగా లేకపోవుట, పెరుగుచున్న నొప్పి, జ్వరము, కుట్లనుండి చీము, నెత్తురు, పిక్క వాచి నొచ్చుట, ఆయాసము. తెల్లవాఱనిమ్మని వేచియుండక 108కి ఫోను చేసి ఆసుపత్రికి కొనిపోవలెను. ఏ యుపద్రవము లేకున్నను, మూడు దినములవఱకు విరేచనము కానిచో వైద్యునికి తెలుపవలెను.

సోదరీమణులారా! ఆపరేషనైన కోడలికిగాని, కూతురికిగాని, వదినెకుగాని పథ్యము నిర్ణయించువారు మీరే. మంచముప్రక్క నిండుచెంబు నీరుంచుడు, పూటకొకమాఱు చేయిపట్టి నడిపింపుడు, ఇంటికి వచ్చినవారు వెళ్లిన పిదప మెల్లగా, “విరేచనమైనదా తల్లీ?” యని యడుగుడు. మీ రడిగిన గాని ఆమె చెప్పదు.