చల్లగా ఉంచవలసిన మందులకు తగిన పెట్టె

వేసవి సెలవులు రాగానే మన షోలాపురపు తెలుగు కుటుంబములు అనేకము తెలంగాణములోని తమ పూర్వుల ఊళ్లకు ప్రయాణము కట్టుట పరిపాటి. మధుమేహము గల పిల్లలున్న ఇంటివారికి బట్టలకన్న, తినుబండారములకన్న ముఖ్యమైన మూట ఒకటి కలదు. అది ఇన్సులిను. 1922 జనవరిలో టొరాంటో నగరమున పదునాలుగేండ్ల బాలునికి తొలిసారి ఇచ్చిన నాటినుండి ఈ మందు ఎందరో పిల్లల ప్రాణములు నిలుపుచున్నది. కాని ఎండకు చెడిన ఇన్సులిను పైకి చెడినట్లు కనబడకపోవచ్చును. సూది వేసితిమన్న ధైర్యము మిగులును. రక్తములో చక్కెర మాత్రము పెరుగుచునే యుండును. కావున దానిని మోయు పెట్టెను గూర్చి తల్లిదండ్రులకు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

తెరవని ఇన్సులినును 2 నుండి 8 డిగ్రీల సెంటిగ్రేడు నడుమ ఉంచవలెను. వాడుకలోనున్న సీసాను చాల రకములలో సుమారు నాలుగు వారములు గది వేడిమియందే ఉంచవచ్చును గాని, ఆ వేడిమి రకమునుబట్టి 25 లేక 30 డిగ్రీలు మించరాదు. మందు అట్టపెట్టెలోని కాగితము చదివిన ఈ హద్దు తెలియును. మన ఊరి మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుట అరుదు గాదు.

ముందుగా గ్రహింపవలసిన దేమనగా, పెట్టె చల్లదనమును పుట్టింపదు; వెలుపలి వేడిని లోనికి రాకుండ ఆలస్యము చేయును, అంతియే. థర్మోకోలులో అధికభాగము గాలియే. నిలిచిన గాలి వేడిని సులభముగా సాగనీయదు. అదే మందము గల పఫ్ అను నురుగు గోడ థర్మోకోలుకన్న మేలు. ఎట్టి గోడయైనను మందము రెట్టింపైనచో లోనికి వచ్చు వేడి సుమారు సగమగును. మూత సరిగా బిగియని పెట్టె ఎంత మందమైనను వ్యర్థము.

ఇది పై తరగతి పిల్లలు చేయగల లెక్క. గోడల వైశాల్యము అర చదరపు మీటరు, మందము 3 సెంటీమీటర్లు గల థర్మోకోలు పెట్టె నొకటి తీసికొందము. వెలుపల 40 డిగ్రీలు, లోపల 5 డిగ్రీలున్నచో గంటకు సుమారు 220 గ్రాముల మంచు కరగును. పది గంటల ప్రయాణమునకు 2 కిలోలకు పైగా కావలెను. బస్సు ఆలస్యమును, మూత తెరచుటను తలచి మరికొంత చేర్చుకొనవలెను. పెట్టె చిన్నదైనకొలది మంచు తక్కువ చాలును. కావున మందునకు మించిన పెద్ద పెట్టె కొనరాదు.

వేడికి వెరచి మందును గడ్డ కట్టించుట మరియొక ప్రమాదము. ఒకసారి గడ్డ కట్టిన ఇన్సులిను కరగిన పిమ్మటను పనికిరాదు. ఫ్రీజరునుండి అప్పుడే తీసిన మంచుపొట్లము సున్నకు చాల దిగువన ఉండును. దానిని వెలుపల ఉంచి, చెమర్చి, ఊపినపుడు లోపల నీరు కదలిన చప్పుడు విననగు వరకు ఆగవలెను. టీకా మందులు మోయు ఆరోగ్య సిబ్బంది పాటించు పద్ధతి ఇదియే. అప్పటికిని మందు మంచును తాకకుండ నడుమ దళసరి గుడ్డ ఉంచవలెను. కుల్ఫీ వానివలె మంచులో ఉప్పు కలుపరాదు. అది చలిని సున్నకు దిగువకు దింపును. సున్నకు దిగువ 78 డిగ్రీలుండు పొడిమంచు ఇన్సులినుకు అసలే తగదు.

వాడుకలోనున్న ఒకటి రెండు సీసాలకు తడిపి వాడు సంచియు మేలే. నీరు ఆవిరియగుచు వేడిని హరించును. అది రిఫ్రిజిరేటరంత చల్లబరుపదు గాని ఎండనుండి కాపాడును. మన ఊరి పొడి వేసవిలో ఇది బాగుగా పనిచేయును. యానామువంటి సముద్రతీరపు ఉక్కలో అంతగా చేయదు. గాలి తగులవలెను గనుక దానిని మూసిన పెట్టెలో పెట్టరాదు.

ఏ పెట్టె కొన్నను, ప్రయాణమునకు ముందుగానే ఇంటిలో పరీక్షింపుడు. మందునకు బదులు నీటి సీసాయు, థర్మామీటరును లోపల ఉంచి, ప్రయాణమెన్ని గంటలో అన్ని గంటలు వేడి తావున ఉంచి చూడుడు. 2 నుండి 8 లోపల నిలిచినచో ఆ పెట్టె మీకు తగినది. దానిని బస్సు డిక్కీలో వేయక, ఎండ తగులకుండ మీ కాళ్ల చెంతనే ఉంచుకొనుడు.