ముప్పును తెలియజెప్పడం

విజ్ఞానశాస్త్రం ప్రజలకు చేరాలన్న మాట అందరూ ఒప్పుకునేదే. అయితే ఆ మాట అన్నప్పుడు మనకు గ్రహణాలూ, టీకాలూ, రాకెట్లూ గుర్తుకొస్తాయి. ఇంటి పక్కనున్న ఫ్యాక్టరీ ట్యాంకులో ఏముంది, అది బయటపడితే ఏం చెయ్యాలి అన్నది కూడా విజ్ఞానమే. మొదటి రకం విజ్ఞానం పాఠ్యపుస్తకాల్లో దొరుకుతుంది. రెండవ రకం చాలా సందర్భాల్లో యజమాని బీరువాలో ఉండిపోతుంది. అది అక్కడే ఎందుకు ఉండిపోతున్నది, బయటికొచ్చినా ప్రజలకు ఎందుకు అందడం లేదు అన్న రెండు ప్రశ్నలను ఇక్కడ పరిశీలిద్దాం.

ముందుగా అపాయానికీ ముప్పుకీ ఉన్న తేడా గమనించాలి. అపాయం పదార్థ స్వభావంలో ఉంటుంది. ముప్పు ఆ పదార్థం ఎంత నిలవ ఉంది, ఎలా నిలవ ఉంది, దాని దగ్గరలో ఎవరు బతుకుతున్నారు అన్నదాని మీద ఆధారపడుతుంది. పాము కోరలో విషం అపాయం. అడవిలో పామూ, గుడిసె చూరులో పామూ ఒకే ముప్పు కావు. నిపుణులు ముప్పును సంఖ్యల్లో చెప్తారు. లక్షలో ఒక వంతు అంటారు. ఆ లెక్క అబద్ధం కానక్కర్లేదు. కాని శీతల యంత్రం నడుస్తోందనీ, కవాటాలు బిగిసి ఉన్నాయనీ, సరిపడినంతమంది శిక్షణ పొందిన కార్మికులు ఉన్నారనీ అనుకుని వేసిన లెక్క అది. అనుకున్నవి తప్పితే సంఖ్య కూడా తప్పుతుంది. కనుక షరతులు దాచి సంఖ్యను మాత్రం చెప్పడం సగం నిజం చెప్పడమే.

భోపాల్ దీనికి అన్నిటికంటే పెద్ద సాక్ష్యం. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో మిథైల్ ఐసోసయనేట్ ట్యాంకులోకి నీరు చేరింది. వేడి పెరిగి సుమారు 40 టన్నుల వాయువు ఊరి మీద పడింది. ఆ ట్యాంకును చల్లగా ఉంచవలసిన యంత్రాన్ని కొన్ని నెలల ముందే ఆపేశారు. వాయువును కాల్చెయ్యవలసిన గొట్టం మరమ్మతులో ఉంది. ఊరికి వినిపించే సైరన్ కొద్దిసేపు మోగి ఆగిపోయింది. మళ్ళీ గట్టిగా మోగేసరికి వాయువు బస్తీల్లో నిండిపోయింది. లేచినవాళ్ళు ఎటు పరుగెత్తాలో తెలియక గాలి వాలునే పరుగెత్తి మరింత పీల్చుకున్నారు. ఆ వాయువు నీటితో చర్య పొందుతుంది. ముఖానికి తడిగుడ్డ చుట్టుకుని, గాలికి అడ్డంగా నడవాలన్న రెండు ముక్కలు ముందే తెలిసి ఉంటే ఎందరో బతికి ఉండేవారు. ఆ రెండు ముక్కలకు ఖర్చేమీ లేదు. ఆస్పత్రిలో వైద్యులు విరుగుడు ఏమిటని అడిగితే, అది కన్నీటి వాయువులాంటిదే, నీళ్ళతో కడిగితే చాలన్నట్టుగా ఫ్యాక్టరీ వైద్యుడు సమాధానమిచ్చాడు. రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరించిన మరణాలే 3,787.

ఎవరికీ తెలియదు అనడానికి వీల్లేదు. రాజ్‌కుమార్ కేశ్వానీ అనే పాత్రికేయుడు 1982లోనే తన చిన్న వారపత్రికలో ఈ ముప్పు గురించి వరసగా రాశాడు. అదే ఏడు కంపెనీ అమెరికా నుంచి పంపిన తనిఖీ బృందం కూడా లోపాలను గుర్తించింది. అసెంబ్లీలో ప్రశ్న వస్తే, 25 కోట్ల రూపాయల ఫ్యాక్టరీ ఒకచోటి నుంచి మరోచోటికి తీసి పెట్టడానికి రాయి కాదని మంత్రి తేల్చేశాడు. అంటే లోపించింది సమాచారం కాదు. సమాచారం ఉన్న చోటికీ, ప్రాణాలు పోయే చోటికీ మధ్య దారి లేదు.

ఆ దారి వెయ్యడానికే భోపాల్ తరువాత చట్టాలు వచ్చాయి. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పరిశ్రమ యజమాని కార్మికులకూ, స్థానిక అధికారులకూ, చుట్టుపక్కల ప్రజలకూ అపాయాల వివరాలు తెలియజెయ్యాలని 41బి సెక్షన్ చేర్చారు. ప్రమాదం జరిగితే చెయ్యవలసినవీ చెయ్యగూడనివీ ఇరుగుపొరుగులకు ముందే చెప్పాలని 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాలు అన్నాయి.

ఇన్ని ఉండి కూడా 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఏం జరిగింది? లాక్‌డౌన్‌లో వారాల తరబడి ఆగిన ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీలో స్టైరీన్ ట్యాంకు వేడెక్కింది. స్టైరీన్ వేడెక్కితే అణువులు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. ఆ చర్యలో మరింత వేడి పుడుతుంది. దాన్ని అదుపులో ఉంచే రసాయనం చాలినంత లేదు. గాలికంటే బరువైన ఆవిరి నేలబారుగా ఇళ్ళలోకి పాకింది. నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్ళు వీధుల్లో కూలిపోయారు. పన్నెండుమంది చనిపోయారు. సైరన్ మోగించే మీటలు 36 చోట్ల ఉన్నా ఒక్కటీ వాడలేదని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన కమిటీయే తేల్చింది. భోపాల్‌కూ విశాఖకూ మధ్య ముప్ఫయ్ఐదేళ్ళు గడిచాయి. చట్టం మారింది కాని సైరన్ మారలేదు.

ప్రజలకు చెప్తే భయపడతారనీ, గందరగోళం పుడుతుందనీ ఒక వాదం ఉంది. భోపాల్‌లో గందరగోళం చెప్పినందువల్ల పుట్టలేదు, చెప్పనందువల్ల పుట్టింది. ఏటా తుపానులు ఎదుర్కొనే మన కోస్తా ప్రజలు ప్రమాద సూచిక విని పిచ్చెక్కిపోరు. పశువుల్ని విప్పి, పిల్లల్ని తీసుకుని మెరకకు పోతారు. తెలిసిన భయం దారి చూసుకుంటుంది. నిజానికి చెప్పేస్తే పుట్టే ఇబ్బంది వేరు. జనం ప్రశ్నలు అడుగుతారు. ట్యాంకు ఎందుకంత పెద్దది, బస్తీ పక్కనే ఎందుకు కట్టారు అని నిలదీస్తారు. దాచడం వెనకున్న భయం ఆ ప్రశ్నల భయం.

ఇక రెండవ ప్రశ్న. చెప్పినట్టే కనిపించి చెప్పకపోవడం ఎలా జరుగుతుందో పురుగుల మందు డబ్బా చూస్తే తెలుస్తుంది. 1971 నియమాల ప్రకారం డబ్బా మీద విషతీవ్రతను తెలిపే రంగు త్రికోణం ఉండాలి. ఎరుపు అన్నిటికంటే తీవ్రం, తరువాత పసుపు, నీలం, చివరిది ఆకుపచ్చ. ఊళ్ళో అందరూ వాడే మాట ‘పచ్చ’. అది పసుపుపచ్చా కావచ్చు, ఆకుపచ్చా కావచ్చు. ఒకటి రెండవ స్థాయి విషం, మరొకటి ఆఖరి స్థాయి. పైగా దాని పేరే మందు. జ్వరానికి వేసుకునేదీ మందే, పత్తి మీద కొట్టేదీ మందే. చీమతలంత అక్షరాల కాగితాన్ని మడిచి డబ్బాతో ఇచ్చి, చెప్పవలసింది చెప్పేశామని కంపెనీ చేతులు కడుక్కుంటుంది. ఒంటి మీద చొక్కా కూడా లేకుండా మందు కొట్టే కూలీ ఆ కాగితాన్ని చూడనైనా చూడడు. డబ్బా కొన్నది రైతు, పీల్చేది కూలీ.

కాబట్టి ముప్పు గురించిన ఏ ప్రకటననైనా నాలుగు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. అక్కడ ఉన్నదేమిటో, ఎంత ఉందో చెప్పిందా? అది బయటపడితే వాసననిబట్టో, కళ్ళమంటనిబట్టో ఎలా గుర్తుపట్టాలో చెప్పిందా? ఆ క్షణంలో మన చేతుల్లో ఉన్న పని చెప్పిందా? ఎవరిని నిలదీయాలో చెప్పిందా? మొదటి మూడూ ప్రాణరక్షణకు. నాలుగోది లేకపోతే ముప్పును భరించే బాధ్యతంతా బాధితుడి మీదే పడుతుంది. తడిగుడ్డ చుట్టుకోమని చెప్పి ట్యాంకు గురించి మాట్లాడకపోవడం సలహా అనిపించుకోదు.

ఇందులో రచయితలకు పని ఉంది. కార్మికుడికి యంత్రం చప్పుడు తెలుసు, నిపుణుడికి సూత్రం తెలుసు. ఈ ఇద్దరి జ్ఞానమూ కలిసే భాష ఇంకా తయారు కాలేదు. నిఘంటువులోంచి తీసిన పదం అతికిస్తే అది తయారు కాదు. బస్తీలో కూర్చుని, అక్కడి మాటల్లో చెప్పి, అర్థమైందో లేదో వాళ్ళ నోట తిరిగి విని, తప్పితే మార్చుకోవాలి. ‘మందు’ను విషం అని పిలవడంతోనైనా ఆ పని మొదలుపెట్టవచ్చు.